తవ్వే ముందు తెలుసుకోండి

ఒక్క పురుగు కోసం ప్రాజెక్టు ఆపాలా? ఉత్తరాంధ్రలో కొండనో, చిత్తడి నేలనో పరిశ్రమకు రాసిచ్చే వేళ ఎవరైనా పర్యావరణం మాటెత్తితే వచ్చే ఎదురు ప్రశ్న ఇదే. ఆ పురుగు ఏమిటో, మరెక్కడైనా బతుకుతోందో లేదో చూడకుండానే భూమి చేతులు మారిపోతోంది. మా అభ్యంతరం అక్కడే.

అమెరికాలోని లింకన్ నగర శివార్లలో ఉప్పు చవుడు నేలలున్నాయి. సాల్ట్ క్రీక్ టైగర్ బీటిల్ అనే పెంకుపురుగు ప్రపంచం మొత్తమ్మీద అక్కడే ఉంది. పొడవు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. దాని పిల్లపురుగు తడి చవుడులో నిలువుగా బొరియ తవ్వుకుని, చదునైన తలను మూతలా అడ్డం పెట్టి, పక్కనుంచి పోయే చీమను లోపలికి లాక్కుంటుంది. దాదాపు రెండేళ్లు ఆ బొరియే దాని లోకం. పైన జానెడు మట్టి పోస్తే జాతి చరిత్రే ముగుస్తుంది. అందుకే అక్కడి ప్రభుత్వం 2005లో దాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. 2014లో 1,110 ఎకరాలను కీలక ఆవాసంగా ప్రకటించింది. లింకన్ నగరమేమీ మూతపడలేదు.

మన సిక్కోలు (శ్రీకాకుళం) తీరంలోనూ నౌపడా ఉప్పు మడులు, కాకరాపల్లి తంపర, సోంపేట బీల వంటి చిత్తడి నేలలున్నాయి. మందస పక్కనే మహేంద్రగిరి. ఆ కొండతో సహా తూర్పు కనుమల్లో తిరిగిన శాస్త్రవేత్తలు కాళ్లు లేని ఒక ఉభయచరాన్ని 2013లో కొత్త జాతిగా ప్రకటించారు. 1899లో గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నీలి సాలీడు, శతాబ్దం గడిచాక నంద్యాల-గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. వెతికితే దొరుకుతాయనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

మనకు మాత్రం వెతకడమే బరువు. పర్యావరణ ప్రభావ నివేదికకు వానాకాలం మినహా ఏదో ఒక సీజన్ సమాచారం చాలన్నది రివాజు. ఆరుద్ర కార్తెలో తొలకరికి బయటపడే ఎర్రని ఆరుద్ర పురుగును ఇక్కడి రైతుబిడ్డలంతా ఎరుగుదురు. కొద్ది రోజులు నేల మీద తిరిగి మళ్లీ మట్టిలోకి పోతుంది. జనవరిలో సర్వేకు వెళ్లినవారికి అది ఉన్నట్టే తెలియదు. పక్షులు, జంతువులు, చెట్ల పేర్లు రాసి, పురుగుల దగ్గరకొచ్చేసరికి నాలుగు సీతాకోకచిలుకలతో సరిపెట్టే నివేదికలపై వేల ఎకరాల భవిష్యత్తు తేలుస్తున్నారు.

చూడకుండా నిర్ణయిస్తే ఏమవుతుందో సిక్కోలు జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. మత్స్యకారులకు చేపలు, రైతులకు నీరు ఇచ్చే సోంపేట బీలను థర్మల్ కేంద్రం కోసం పనికిరాని భూమిగా చూపారు. దాన్ని వ్యతిరేకించిన జనంపై 2010 జులై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఆ నేల విలువ ముందే లెక్కగట్టి ఉంటే ఆ రెండు ప్రాణాలు నిలిచేవి. ఏడాది తిరక్కుండానే 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ థర్మల్ కేంద్రం వద్దన్నవారిపై తుపాకీ పేలింది.

వలసలతో ఖాళీ అవుతున్న ఊళ్లకు ఉపాధి కావాలి. మూలపేట ఓడరేవును, భోగాపురం విమానాశ్రయాన్ని జనం ఆశగా చూస్తున్నారు. ఆ ఆశను మేమూ గౌరవిస్తాం. కానీ ఏడాది పాటు నిజాయితీగా సాగే సర్వే ఏ పరిశ్రమనూ చంపదు. కోర్టు కేసులు, ఆందోళనలే ఏళ్ల తరబడి పనులు నిలిపేస్తాయి. ఉద్దానం కొబ్బరి రైతుకు కొమ్ముపురుగు, ఎర్రముక్కు పురుగు శత్రువులే, కాదనం. అదే పెంకుపురుగుల వర్గానికి చెందిన అక్షింతల పురుగు పేనుబంకను తిని పంటను కాస్తోంది. ఏది కాస్తుందో, ఏది కాటేస్తుందో తేల్చుకోకుండా అన్నింటినీ ఒకే గంపలో వేసి పూడ్చేయడం అభివృద్ధి అనిపించుకోదు.

ప్రభుత్వం చేయాల్సినవి మూడు. మొదటిది, బీలలు, తంపరలు, టెక్కలి గ్రానైట్ కొండలు, చీపురుపల్లి మాంగనీసు గనుల పరిసరాల్లో వానాకాలంతో కలిపి ఏడాది పొడవునా కీటకాల సర్వే జరగాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఎచ్చెర్ల అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, భారత జంతు సర్వేక్షణ సంస్థలకు ఆ పని అప్పగించాలి. రెండోది, 2017 చిత్తడి నేలల నిబంధనలు ఉప్పు తయారీకి మలిచిన నీటి మడులను రక్షణ నుంచి మినహాయించాయి. ఆ మినహాయింపు సవరణకు రాష్ట్రం పట్టుబట్టాలి. మూడోది, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీల స్థాయిలో రాయాల్సిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు. హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే నెలకు రూ.10 లక్షలు కట్టాలంటే గానీ చాలా రాష్ట్రాలు వాటి జోలికి పోలేదు. గడువు కోసం నింపిన ఆ పుస్తకాలను జాలరులు, గొర్రెల కాపరులు, సవర గిరిజనుల సాయంతో తిరగరాయించాలి.

ఈ సర్వే నివేదిక బహిరంగంగా ప్రజల ముందుకొచ్చే దాకా సిక్కోలు, విజయనగరం జిల్లాల్లో కొత్తగా ఒక్క చిత్తడి నేలనూ, ఒక్క కొండనూ ఎవరికీ కేటాయించరాదు.