ఓట్ల లెక్క తేలిన పిదప

జనక్‌పురిలోని మా తెలుగు కుటుంబాల మధ్య ఎన్నికల చర్చ వేడెక్కినప్పుడల్లా 1977ను స్మరించుకోవడం మేలు. ఆ మార్చిలో ఢిల్లీలోని 7 లోక్‌సభ స్థానాలూ జనతా పార్టీకి దక్కాయి. ఆంధ్రప్రదేశ్‌లోని 42లో 41 కాంగ్రెస్‌కు. ఢిల్లీ తెలుగువారికి పుట్టినింటి తీర్పు ఒకటి, మెట్టినింటి తీర్పు మరొకటి.

మిగిలిన ఆ ఒక్క స్థానం నంద్యాల. అక్కడ జనతా పక్షాన గెలిచినవారు నీలం సంజీవరెడ్డి. 1969లో కాంగ్రెస్‌ను చీల్చిన రాష్ట్రపతి ఎన్నికలో వి.వి.గిరి చేతిలో ఓడినవారు ఆయనే. 1977 జూలైలో కాంగ్రెస్ కూడా సమ్మతించగా, ఆయన పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

అభిప్రాయ భేదాలు అంతటితో సమసిపోలేదు. అయినా, ఓడినవారు సైతం ఆమోదించగల పేరును గెలిచినవారు ప్రతిపాదించారు, ఓడినవారు కాదనలేదు. దేశం కలిసి నడవడానికి ఆ మాత్రం మర్యాద చాలు.