చివరి బెంచీ కోసం కట్టిన హాలు

ఫంక్షన్ హాల్లో స్తంభం వెనకాల కుర్చీ దొరికినవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. మెడ ఎంత సాచినా తాళి కట్టడం కనపడదు. అక్షింతలు గాల్లోకి విసిరేసి, ఎవరి నెత్తిన పడ్డాయో తెలియకుండానే భోజనాలకి లేస్తాం. ఇది మన ఒక్కళ్ళ గొడవే కాదండోయ్! నూటయాభై ఏళ్ళ కిందట లండన్ చర్చిల్లోనూ ఇదే గొడవ.

విక్టోరియా రాణి కాలంలో అక్కడ చర్చి అనగానే చాలామందికి గోథిక్ పద్ధతే నచ్చేది. కోసుగా పైకి లేచే ఆర్చీలు, పొడుగాటి హాలు, రెండు పక్కలా బారులు తీరిన స్తంభాలు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కానీ స్తంభం అవతల కూర్చున్నవాళ్ళకి ప్రసంగించే మనిషి కనపడడు. మైకులు లేని రోజులాయె, మాటా సరిగ్గా వినపడదు. ప్రసంగం వినడమే ముఖ్యమనుకునే కాంగ్రిగేషనల్ చర్చి వాళ్ళకి ఇది చిన్న లోటు కాదు.

జేమ్స్ క్యూబిట్ అనే ఆర్కిటెక్టు 1870లో దీనిమీద ఏకంగా పుస్తకమే రాశాడు. నలుగురూ కూర్చుని వినాల్సిన చోట ఈ అడ్డుస్తంభాలెందుకని ఆయన వాదన. రాసి ఊరుకోలేదు. ఇస్లింగ్టన్‌లో యూనియన్ చాపెల్ కట్టే పని దక్కితే, 1874-77 మధ్య చేసి చూపించాడు.

వెనిస్ దగ్గర టోర్చెల్లో దీవిలో శాంతా ఫోస్కా అనే పాత చర్చి ఉంది. దాని స్ఫూర్తితో ఎనిమిది పలకల హాలు గీశాడు. కప్పు బరువుని పెద్ద పెద్ద ఆర్చీల మీదికి, వాటి కింద మూలల్లో ఉన్న దిట్టమైన స్తంభాల మీదికి మళ్ళించి, మధ్యలో జనం కూర్చునే చోటంతా ఖాళీగా వదిలాడు. చుట్టూ గ్యాలరీలు. ఎక్కడ కూర్చున్నా చూపు ప్రసంగ వేదిక మీదికే. హెన్రీ విల్లిస్ తయారుచేసిన ఆర్గన్ని తెర వెనక దాచారు. దానికి గాలి ఊదేది నీటి ఒత్తిడి! అప్పటి పాస్టర్ హెన్రీ ఆలన్‌కి జనమంతా గొంతు కలిపి పాడాలని పట్టుదల. వాయించేవాడి మీదికి చూపు పోకూడదు మరి.

తర్వాత కాలం మారింది. వచ్చేవాళ్ళు తగ్గారు, మరమ్మతుల ఖర్చు పెరిగింది. 1980ల మొదట్లో కూల్చేద్దామన్న మాటా వచ్చింది. స్థానికులు జట్టుకట్టి అడ్డుపడ్డారు. ఇవాళ అక్కడ ఆదివారం ప్రార్థన, మిగతా రోజుల్లో సంగీత కచేరీలు, హాస్య కార్యక్రమాలు. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకి సాయం చేసే కేంద్రమూ అందులోనే.

జనం పోరాటం దాన్ని కూలకుండా ఆపింది, నిజమే. కానీ ఆ తర్వాత దాన్ని నిలబెట్టింది మాత్రం క్యూబిట్ గీసిన గీతే అంటాను నేను. అందమైన భవనాలు బోలెడు కూలిపోయాయి. కారుతున్న కప్పుని మన అభిమానం బాగుచెయ్యదు, టికెట్టు డబ్బులు చేస్తాయి. ప్రసంగం చివరి బెంచీకి అందాలని కట్టిన హాలు కాబట్టే పాటకీ పనికొచ్చింది, నవ్వుకీ పనికొచ్చింది.

మన ఊళ్ళలోనూ పాత టౌన్‌హాళ్ళు, మిషన్ స్కూళ్ళ హాళ్ళు, గ్రంథాలయాల సభామందిరాలు ఉన్నాయి. ‘శిథిలావస్థలో ఉంది’ అని బోర్డు పెడతారు, కొన్నాళ్ళకి అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ లేస్తుంది. అన్నిటినీ కాపాడమని నేననను. గోడల బలం ఇంజనీర్లు చూస్తారు, చూడాలి కూడా. దాంతోపాటు ఇంకో చిన్న పరీక్ష కూడా చెయ్యండి. వేదిక మీద ఒకళ్ళు నిలబడి మామూలు గొంతుతో మాట్లాడాలి, ఇంకొకళ్ళు వెళ్ళి చివరి వరసలో కూర్చోవాలి. కనపడి, వినపడిందా? అయితే ఆ హాలుకి ఇంకా పనుంది. కూల్చే కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ మాట ఫైల్లో రాయించండి.