శరణార్థి దివ్యాంగులకు అడ్డు చట్టం కాదు



స్వదేశంలోని దివ్యాంగుల అవసరాలు తీరాకే శరణార్థి దివ్యాంగుల ఊసెత్తాలనీ, చట్టమూ అందుకు ఒప్పుకోదనీ గత సంచికలోని వ్యాసం చేసిన వాదన నిలవదు. శరణార్థుల హక్కులను నిర్వచించిన 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదన్నదీ, దేశంలో ఎవరిని ఉండనివ్వాలో తేల్చేది కేంద్రమేనన్నదీ నిజమే. అయితే దివ్యాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒడంబడికను 2007లో ఆమోదించిన భారత్, దాని అమలుకు తెచ్చిన 2016 చట్టం 5వ సెక్షన్‌లో సమాజంలో జీవించే హక్కును, అంటే ఏదో ఒక ఆశ్రమానికి పరిమితం కాకుండా ఇంటివద్దనే, ఇరుగుపొరుగు నడుమనే తోడ్పాటు పొందే హక్కును, పౌరసత్వ షరతేదీ పెట్టకుండానే ప్రకటించింది.

అసలు చిక్కు నియమాలలో ఉంది. వైకల్య ధ్రువపత్రానికి ఆ చట్టం కింది 2017 నియమాలు ఆధార్‌ను అడుగుతుండగా, హైదరాబాద్‌లోని బాలాపూర్ పరిసరాల్లో తలదాచుకుంటున్న రోహింగ్యాలకు గుర్తింపుగా ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డే కావడంతో, నడవలేని బిడ్డకు సర్కారు మూడు చక్రాల బండి అందే దారి మొదటి మెట్టు వద్దే మూసుకుపోతోంది. ఇది ఎంతమాత్రం సహించదగినది కాదు.

ఇలాంటివారిని అక్కున చేర్చుకోవడం కొత్తేమీ కాదు; న్యూజిలాండ్ 1959లోనే దివ్యాంగులున్న శరణార్థి కుటుంబాలను స్వీకరించింది. గల్ఫ్‌లో గాయపడి తిరిగివచ్చిన కూలీలను ఇంటివద్దనే సాకే కుటుంబాలున్న ఆర్మూరు ప్రాంతానికి ఆ సంరక్షణ భారమెంతో తెలుసు. అందుకే శరణార్థుల సంస్థ కార్డును వైకల్య ధ్రువపత్రానికి అంగీకరించమని కేంద్రాన్ని కోరడం, ప్రత్యేక అవసరాల పిల్లలకు శిక్షణనిచ్చే భవిత కేంద్రాలలో శరణార్థి బిడ్డలనూ చేర్చుకోవడం రాష్ట్ర ప్రభుత్వం వెంటనే చేయవలసిన పనులు.

— ఒక పాఠకుడు, ఆర్మూరు, నిజామాబాద్ జిల్లా