చూడటమే చదువా?

2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. సంతోషమే. కానీ వాటిలో మన పిల్లలు చూస్తున్నది ఎవరో గీసిన బొమ్మనే. చూసినంత మాత్రాన సాంకేతిక విద్య అబ్బదు. తానే గీయగలిగినప్పుడే అబ్బుతుంది.

ఏలూరు పిల్లలకు ఆ పాఠం ఊరి పక్కనే ఉంది. కొల్లేరును ఐదో కాంటూరు వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ గీత ఎక్కడుందో పటంలో చూపగల విద్యార్థులెందరు? 1972 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలు నేడు ఉచితంగా దొరుకుతున్నాయి. అప్పటిదీ ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి, నీటికి రంగు వేసి, గళ్లు లెక్కించి, గ్రాఫు గీయించండి. సైన్సు, లెక్కలు, కంప్యూటరు ఒక్కసారే వస్తాయి.

"మన పిల్లలకు ఇవెందుకు? చేతిపని చాలు" అనే పెద్దలు మనలోనే ఉన్నారు. 6–14 ఏళ్ల ముస్లిం బాలల్లో నాలుగోవంతు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ నివేదిక తేల్చింది. ఆ మాటకు మనం చెల్లించిన మూల్యం చాలదా?

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. అక్కడి విద్యార్థులను ఆదివారాలు మన బడులకు పంపాలని అడుగుదాం. ఉర్దూ మాధ్యమం బడుల్లోనూ ఈ పాఠం ఉర్దూలో చెప్పాలని ప్రభుత్వాన్ని నిలదీద్దాం. పటం చదవలేని సమాజం ఇతరులు గీసిన గీతల మధ్యే బతకవలసి వస్తుంది.