తోటపని: ఊదా గులాబికి తల్లిదండ్రుల నెన్నుట



పాల్వంచ ప్రాంతమునుండి సోదరి యొకరు ఇట్లు వ్రాసిరి: "మూడేండ్లుగా ఏటేట ఒక ఊదా గులాబి అంటు తెచ్చి నాటుచున్నాను. శ్రావణము వెళ్లులోపల ఆకులన్నియు రాలి, కొమ్మలు కొననుండి నల్లబడి చచ్చుచున్నది. మా అత్తగారు ఇక గులాబీలకు డబ్బు ఇయ్యనని చెప్పివేసిరి. విత్తనమువలన నేనే గట్టి మొక్కను పుట్టించుకొనరాదా?"

తప్పక పుట్టించుకొనవచ్చును. ఖమ్మమునుండి భద్రాచలము పోవు త్రోవలో, అడవి యంచున నేనును తోట పెంచుచున్నాను. మన వైపు వానలు పట్టిన దినములలో ఆకు తడి యారదు. ఆకు ఏడుగంటల కాలము తడిసియున్న చాలును, నల్లమచ్చ తెగులు దానిని పట్టును. వేసవిలోనో, ఎండ 45 డిగ్రీలకు చేరు దినములు కలవు. ఇట్టి చోట బ్రదుకవలసిన మొక్కకు పూవు కంటె ముందు ఆకు ముఖ్యము.

ఈ మాట నేను నష్టపడి నేర్చితిని. తోటలోని మిక్కిలి యందమైన రెండు ఊదా గులాబీలను కలిపి విత్తనము పట్టితిని. మొలచినవానిలో ఒకటి నేరేడు పండు వన్నెతో పూచినది. ఆకు మాత్రము పుట్టుకనుండియు రోగిష్ఠి. దానిని పెరికివేయ చేతులు రాక, మందులు చల్లి కాపాడి, మరుసటి యేడు దానినే తల్లిని చేసితిని. పిల్లలన్నియు తల్లివలెనే మచ్చలతో పుట్టి నశించినవి. మూడేండ్ల శ్రమ మట్టిపాలయ్యెను.

దీనికి కారణము వంశములో నున్నది. ఊదా గులాబీలలో పెక్కింటికి చుట్టరికము కలదు. 1957లో అమెరికాలో గ్లాడిస్ ఫిషర్ అను నామె 'స్టెర్లింగ్ సిల్వర్' అను గులాబిని వెలువరించెను. దాని రంగును, పరిమళమును అపూర్వములు. చెట్టు మాత్రము దుర్బలము. 1968 నాటి 'ఏంజెల్ ఫేస్'కు అదియే తండ్రి. 'బ్లూ మూన్' వంశమునందును అది కలదు. కావున ఎన్నిక లేక ఊదాకు ఊదాను కలుపుట మేనరికముపై మేనరికము చేయుట వంటిది.

ఇంగ్లండులో ఫ్రాంక్ కౌలిషా అను నాయన వృత్తిచే గులాబీలవాడు కాడు, వేడుకకై పెంచినవాడు. 1999లో ఆయన పుట్టించిన 'రాప్సొడీ ఇన్ బ్లూ' లోకప్రసిద్ధమైన ఊదా గులాబి. దాని తల్లి 'సమ్మర్ వైన్' ఊదాది కాదు. పగడపు ఛాయగల గులాబిరంగు తీగ! తండ్రివైపు వంశములో 'బ్లూ మూన్'తోపాటు నారింజ యెరుపు 'మాంటిజూమా'యు, ప్రాచీనమైన 'వయొలేసియా'యు కలవు. ఊదా కొరకు ఊదా కానివానిని సయితము ఆయన విడువలేదు.

మన దేశముననే, ఆంధ్రప్రదేశమున ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు వేడి ప్రదేశములకు తగిన గులాబీలకై మన అడవిజాతులను తల్లిదండ్రులుగా గైకొనిరి. నీటిపట్టున పెరుగు 'క్లైనోఫిల్లా'యు, మణిపురపు కొండలలోని 'జైగాంటియా'యు అట్టివి.

ఇక ఎన్నిక విధము. ఈ వర్షకాలమున మీ తోటలోను, ఇరుగుపొరుగు తోటలలోను గులాబీలను మందు చల్లక గమనింపుడు. ఆశ్వయుజమునాటికి ఏ చెట్టు అడుగు కొమ్మలయందు ఆకు నిలిచియున్నదో దానిని గురుతుపెట్టుకొనుడు. దాని పూవు ఎరుపైనను, గులాబిరంగైనను సరియే. తల్లి కాదగినది కాయ నిలుపగలది కావలెను. పూవు వాడిన పిమ్మట త్రుంపక విడిచినచో, కాయ కట్టునో లేదో తెలియును. ఊదాలలో కాయ నిలువనివి కలవు. అట్టివానిని తండ్రిగా నుంచుడు. తండ్రికి పుప్పొడి సమృద్ధిగా నుండవలెను. మిక్కిలి ముద్దపూవులలో అది కొరవడును. ఆరోగ్యము తల్లినుండియే గాక తండ్రినుండియు వచ్చును గనుక ఊదాలలోకూడ అన్నిటికంటె గట్టిదానినే యెన్నుడు.

కార్తీకమునుండి పుష్యమువరకు మనకు అనుకూలకాలము. రేపు విచ్చునను మొగ్గకు రేకులను, కేసరములను తీసివేసి, కాగితపు సంచి తొడుగుడు. మరునాడు నడిమి కీలాగ్రము జిగటగా నున్నప్పుడు తండ్రి పుప్పొడిని చిటికెనవ్రేలితో అద్ది, మరల సంచి తొడిగి, తల్లిదండ్రుల పేర్లు వ్రాసిన చీటి కట్టుడు. సుమారు నాలుగు మాసములకు కాయ పండును.

మొదటి తరమున ఊదా రాకపోవచ్చును, నిరాశపడవలదు. అందు ఆరోగ్యవంతమైన పిల్లను మరల మంచి ఊదాతో కలిపినచో, మనుమరాలియందు రంగు తేలవచ్చును. నడుమ పుట్టిన రోగిష్ఠి మొలకను, ఎంత చక్కగా పూచినను, తల్లిని మాత్రము చేయవలదు. నా చేతులు చేయలేకపోయిన పని అదియొక్కటే.

పాల్వంచ సోదరికి ఒక మాట: ఈ యేడు అంటు కొనవలదు. అత్తగారిని డబ్బడుగ పనిలేదు. ఆమెను తోటలోనికి పిలిచి, ఇరువురును కలిసి ఆకులు లెక్కింపుడు. ఆ లెక్క మాకు వ్రాసి పంపుడు. విత్తు నాటు విధము వచ్చు మాసమున.