సాంచెల బస్తీకి ఒక ఎడిటింగ్ కంప్యూటర్ కావాలి

"అక్కా, ఐ7 అంట. 16 జీబీ ర్యామ్ అంట. ముప్పై వేలకే ఇస్తడంట!"

సూరత్‌లోని లింబాయత్ నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసి చెప్పిన మాటలివి. వెంటనే ఫొటో కూడా పంపాడు. అద్దం తలుపున్న క్యాబినెట్, లోపల రంగురంగుల లైట్లతో తిరిగే ఫ్యాన్లు. మీద 'గేమింగ్ పీసీ' అని స్టిక్కర్. నేను ఒక్కటే అడిగాను: "ఐ7 సరేరా, ఎన్నో జనరేషన్?" వాడు దుకాణంలో కనుక్కుని చెప్పాడు. మూడోది.

మూడో జనరేషన్ అంటే 2012 నాటి సరుకు. అప్పటి ఐ7-3770లో నాలుగు కోర్లు. 2022 మొదట్లో వచ్చిన ఐ5-12400లో ఆరు. ఒక్కో కోరు వేగంలోనూ ఈ రెంటికీ పోలిక లేదు. పైగా ఆ పాత ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత చిప్‌కు కొత్త లైట్లు తగిలించి అమ్ముతున్నారన్నమాట. పేరు చూసి మనిషి విలువ కట్టే దేశంలో పెరిగినవాళ్లం మనం. కనీసం యంత్రాన్నైనా పేరు చూసి కొనకూడదు.

మావాడికి కంప్యూటర్ ఎందుకో చెప్పాలి. చిన్నాయన ఇరవై ఏళ్ల కింద వరంగల్ వైపు నుంచి సూరత్ పోయి సాంచెల పనిలో చేరాడు. లింబాయత్‌లో తెలుగువాళ్లంటే పద్మశాలీ కుటుంబాలే ముందు గుర్తొస్తాయి. ఆ పక్క గల్లీల్లో మాలాంటి దళిత కుటుంబాలూ ఉన్నాయి. సూరత్ కార్పొరేషన్ బడులు నడిచే ఏడు భాషల్లో తెలుగు ఒకటి. మావాడు ఆ తెలుగు బడిలోనే చదివాడు. ఇప్పుడు డిగ్రీ చదువుతూ ఫోన్‌తో బస్తీ వీడియోలు తీస్తున్నాడు.

రెండేళ్ల కింద ఏప్రిల్ 14న బాబాసాహెబ్ జయంతి ఊరేగింపునంతా తీశాడు. ఫోన్‌లో ఎడిటింగ్ కుదరక, పెళ్లి వీడియోలు చేసే ఒక దుకాణంలో ఇచ్చాడు. తిరిగొచ్చిన వీడియోలో జై భీమ్ నినాదాలు లేవు, వాటి మీద సినిమా పాట ఉంది. పన్నెండు గంటల షిఫ్టు గురించి, ఇంటి దగ్గర చీరలకు రాళ్లు అంటించే పని గురించి ఒక పెద్దమ్మ మాట్లాడిన ముక్క మొత్తం పోయింది. "అవన్నీ ఎవరు చూస్తరు?" అన్నాడట ఆయన. అసలు ఫైళ్లు అడిగితే డిలీట్ అయిపోయాయన్నాడు. మావాడు అప్పటికే ఫోన్‌లో జాగా కోసం వాటిని తీసేశాడు. ఆ పెద్దమ్మ మాట ఇప్పుడు ఎక్కడా లేదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు, డబ్బు కడతామన్నా ఆ ప్రకటన వేయడానికి 'కేసరి' ఒప్పుకోలేదు. షాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు ఆ పత్రికకు ఆసరా అయ్యాయి. తొంభై తొమ్మిదేళ్ల తర్వాత, 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో, లెక్కించిన 121 న్యూస్‌రూమ్ నాయకత్వ పదవుల్లో 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయని తేలింది. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. ఇదే గుజరాత్‌లో 2016 జులైలో ఊనా దగ్గర దళిత యువకులను కొట్టినప్పుడు, ఆ వీడియో తీసింది కొట్టినవాళ్లే. భయపెట్టడానికి తీశారు, అది దేశమంతా నిరసనకు కారణమైంది. మన గాయం కూడా వాళ్ల కెమెరాలోంచే లోకానికి తెలియాల్సి వచ్చింది.

అందుకే కంప్యూటర్ కొనాలనుకున్నాం. ఇంట్లో ఒక పేచీ వచ్చింది. "వీడియోల కోసమా, ఆటల కోసమా?" అన్నాడు చిన్నాయన. తమ్ముడు తల దించుకున్నాడు. వాడికి ఆటలూ కావాలి, అది తప్పన్నట్టు దాచాడు. నేను వాడి పక్షానే నిలబడ్డాను. బాబాసాహెబ్ 1945లో గాంధీవాదాన్ని విమర్శిస్తూ, యంత్రాలు మనిషిని పశువు బతుకు నుంచి బయటపడేస్తాయని, తీరిక లేనిదే సంస్కృతి లేదని వాదించాడు. చిన్నాయన జీవితమంతా యంత్రం ముందే గడిచింది, కానీ ఆ యంత్రం ఆయన తీరికను తినేసింది. ఆయన కొడుకు రాత్రి ఒక గంట ఆడుకుంటే అది సోమరితనం ఎట్లా అవుతుంది? డబ్బున్న పిల్లల ఆటను 'హాబీ' అంటాం. బస్తీ పిల్లల ఆటను 'చెడిపోవడం' అంటాం.

సరే, డబ్బు లెక్కకొద్దాం. చిన్నాయన చిట్టీ డబ్బు 20,000. తమ్ముడు పార్ట్‌టైమ్ పని చేసి దాచింది 15,000. నా వంతు 15,000. సెంట్రల్ యూనివర్సిటీలో నెట్ లేకుండా పీహెచ్‌డీ చేసేవారికి నెలకు వచ్చేది 8,000. అంటే నా వంతు దాదాపు రెండు నెలల ఫెలోషిప్. ఇంత కష్టపడి కూడబెట్టిన సొమ్ము లైట్ల మీద పోకూడదు.

మొదటి తీర్మానం: ఇప్పుడే గ్రాఫిక్స్ కార్డు వద్దు. ఐ5-12400 తీసుకున్నాం. దాని పక్కనే చివర 'ఎఫ్' అక్షరమున్న 12400ఎఫ్ కొంచెం తక్కువకు దొరుకుతుంది. కానీ అందులో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, వీడియోను వేగంగా విప్పి, చుట్టే క్విక్ సింక్ కూడా ఉండదు. ఫోన్ వీడియోలతో పనిచేసేవాడికి అదే ప్రాణం. ఆటలే ముఖ్యమైతే రైజెన్ 5 5600జీ లోపలి గ్రాఫిక్స్ మెరుగు. మాకు పని ముందు, ఆట తర్వాత. చిన్న ఆటలు దీనిలోనూ తక్కువ సెట్టింగుల్లో నడుస్తాయి. రేపు డబ్బు కూడితే కార్డు పెట్టుకునే చోటు ఉండనే ఉంది.

ఆ కార్డు కొనేటప్పుడూ ఒక మెలిక ఉంది. చవకగా వస్తుందని చాలామంది చూసే రేడియాన్ ఆర్ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీల్లో వీడియో ఎన్‌కోడరే లేదు. ఆటకు సరే, ఎడిటింగ్‌కు చేతులు విరిచినట్టే. సెకండ్ హ్యాండ్ కార్డులైతే క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు నలిగినవి కావచ్చు, నడిపి చూడకుండా తీసుకోవద్దు.

ర్యామ్ 16 జీబీ, ఒకే ముక్క కాదు, రెండు 8 జీబీలు. లోపలి గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే కాబట్టి రెండు దారులుంటే వేగం పెరుగుతుంది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధర మండిపోతోంది. ఎక్కడో పెద్ద కంపెనీలు పోటీపడి కొంటుంటే లింబాయత్ కుర్రాడి జేబుకు చిల్లు పడుతోంది. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 500 జీబీ చాలు. అసలు ఫైళ్ల కోసం వేరే హార్డ్ డిస్క్ తప్పనిసరి, ఎందుకో ఆ పెద్దమ్మ కథ చెప్పింది. చవక క్యాబినెట్‌తో వచ్చే ఎస్ఎంపీఎస్‌ను మాత్రం నమ్మలేదు. అది కాలిపోతే మిగతావాటినీ తీసుకుపోతుంది. ఇంకో మాట. మీఠీ ఖాడీ పొంగితే లింబాయత్ గల్లీల్లోకి నీళ్లొస్తాయి. మా కంప్యూటర్ నేల మీద కాదు, అటక మీద ఉంటుంది.

దుకాణంలో ప్రశ్నలన్నీ నేనే అడిగాను. జవాబులు మాత్రం ఆయన తమ్ముడి ముఖం చూసి చెప్పాడు. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ తగ్గిస్తానన్నాడు. బిల్లు లేకపోతే వారంటీకి దిక్కెవరు? బిల్లు తీసుకున్నాం. వ్యాపారి అయితే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా రాబట్టుకుంటాడు. సాంచెల కార్మికుడు కట్టింది మాత్రం కట్టినట్టే పోతుంది.

బొంబాయి బట్టల మిల్లుల్లో ఒకప్పుడు జీతం బాగా వచ్చే నేత విభాగంలోకి మనవాళ్లను రానిచ్చేవారు కాదు. దారం తెగితే ఉమ్మితో తడిపి అతకాలి, మైల పడుతుందని సాటి కార్మికులే అడ్డుపడ్డారు. 1928 సమ్మె సమయంలో బాబాసాహెబ్ ఈ ప్రశ్నను లేవనెత్తాడు. ఏ యంత్రం ముందు ఎవరు కూర్చోవాలన్నది ఎప్పుడూ కులం ప్రశ్నే. ఎడిటింగ్ టేబుల్ కూడా అంతే. ఏ మాట ఉంచాలి, ఏది కోయాలి అని తేల్చేది అక్కడ కూర్చున్నవాళ్లే.

మా ఇంటికి ఒక కంప్యూటర్ వచ్చింది, సంతోషమే. కానీ ఇంటింటికీ యాభై వేలు ఎక్కడివి? కాబట్టి మనవాళ్లకే ఒక మాట. జయంతికి డీజే కోసం ఏటా చందాలు వేస్తున్నాం. ఆ ఒక్కరోజు సంబరం వద్దనడం లేదు. ఒక్క ఏడాది సౌండ్ బాక్సులు తగ్గించి, ఆ డబ్బుతో బస్తీ అంబేడ్కర్ భవనంలోనో బుద్ధవిహార్‌లోనో ఒక ఎడిటింగ్ కంప్యూటర్ పెడదాం. పగలు వీడియోలు, రాత్రి పిల్లల ఆటలు. ఆడపిల్లలకు వేరే సమయం కాదు, సమానంగా వంతు. కెడెన్‌లైవ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

మొన్న తమ్ముడు మళ్లీ ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్లాడు, ఫోన్ పట్టుకుని. "అప్పుడు చెప్పిన్ను గద బిడ్డా" అందట ఆమె. "ఇంకోసారి చెప్పు పెద్దమ్మా, ఈసారి కోసేటోళ్లు లేరు" అన్నాడట. ఏప్రిల్ 14కి ఆ వీడియో వస్తుంది.

జై భీమ్.