మూటలో పట్టినంత

ఇల్లు ఖాళీ చేసుకోవడం ఇప్పుడొక విద్య అయిపోయింది. నాలుగే నాలుగు వస్తువులతో హాయిగా బతకడం ఎలాగో చెప్పే పుస్తకాలు వస్తున్నాయి. ఫోనులో బొమ్మలు వస్తున్నాయి. అవి చూసి ముచ్చటపడి మన ఇల్లాళ్లు కూడా ఒక ఆదివారం పూట అటక దింపుతున్నారు. పెళ్లిలో చదివించిన స్టీలు బిందెలు, మూతలు పోయిన ప్లాస్టిక్ డబ్బాలు, ఒకే ఒక్కసారి కట్టి మడత పెట్టిన పట్టుచీరెలు, ఎప్పటికైనా పనికి వస్తుందని దాచిన మిక్సీ తాలూకు అట్టపెట్టె అన్నీ హాలు మధ్యకు దిగుతాయి. సాయంకాలానికి అందులో సగం మళ్లీ పైకెక్కుతుంది. తక్కిన సగం పాతసామాన్లవాడి పాలవుతుంది. ఇక ఆ ఖాళీ కంటికి కనిపిస్తుంది గదా, నెల తిరక్కుండా కొత్త సామాను వచ్చి కూర్చుంటుంది!

ఎందుకోసం తగ్గించుకొంటున్నామో తేల్చుకోనిదే ఖాళీ నిలవదు. ఈ సంగతి ఒంగోలు ప్రాంతపు తొలి క్రైస్తవుల కథలో తేటగా కనబడుతుంది. ఆ మతంవారు కాకపోయినా వినదగ్గ కథ.

ఒంగోలులో క్లౌపేట అని ఒక పేట వున్నది. అది జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ పేరు. మిషనరీ కాకపూర్వం ఆయన స్వదేశంలో భూములు కొలిచే సర్వేయరు. 1866లో ఒంగోలు వచ్చి కాపురం పెట్టాడు. ఆయన రావడానికి కొన్ని నెలల ముందే యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ జూయెట్ దొర చేత బాప్తిస్మం పొందారు. పేరయ్య మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారం చేసేవాడు. అంతకుముందే గురువుల దగ్గర యోగం నేర్చి సాధన చేసినవాడు. కాబట్టి దైవచింతన ఆయనకు దొరలు వచ్చి నేర్పిన కొత్త పాఠం కాదు.

1867 జనవరిలో క్లౌ దొర గుడారం వెంటబెట్టుకొని పేరయ్య వూరు వెళ్లాడు. ఒంగోలుకు 40 మైళ్ల దూరం. చుట్టుపట్ల పల్లెలనుంచి ఆడా మగా ముప్పై నలభై మంది అక్కడికి నడిచి వచ్చారు. నాలుగైదు రోజులకు సరిపడే తిండి, మార్చుకోవడానికి బట్ట మూటగట్టుకొని మరీ వచ్చారు. నేర్చుకొనేదాకా కదలమన్నారు. ఆ విడతలో 28 మంది బాప్తిస్మం తీసుకొన్నారు.

ఆ మూటలు చిన్నవిగా వుండటానికి కారణం వైరాగ్యం కాదు. ఇంట్లో ఇంకేమీ లేదు, అంతే. లేమిని చూసి "ఆహా, ఎంత నిరాడంబరం!" అని మెచ్చుకోవడం కడుపు నిండినవాళ్ల సరదా. కరువు మెతుకులు తిన్నవాణ్ణి ఉపవాసం చేశాడని పొగిడినట్లుంటుంది. వాళ్లను మెచ్చుకోవలసింది ఆ తరువాత చేసిన పనికి.

క్లౌ దొర వాళ్లకు పెట్టిన నియమాలు మూడంటే మూడే. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి ఎంత తేలిక! కాని ఆనాటి పల్లెలో వీటిలో ఒక్కొక్కదానికీ ఖరీదు వున్నది. పొలం పని వున్ననాడు మాదిగపల్లెకు కబురు వస్తే ఆదివారమైనా సోమవారమైనా పోవలసిందే. అది తరతరాల వెట్టి. చచ్చిన గొడ్డు వాళ్లకు రావలసిన ప్రతిఫలంలో ఒక భాగం, ఎండాకాలంలో అదే తిండి. జాతరలో డప్పు కొట్టనంటే ఊరికే ఎదురుతిరిగినట్లు లెక్క. అందుకని చాలాచోట్ల పనులు పోయాయి. దెబ్బలు కూడా తగిలాయి. వదులుకోవడానికి వస్తువులు లేనివాళ్లు భయాన్ని వదులుకొన్నారు. ఇంతకంటె పెద్ద ఖాళీ ఏ అటకమీద దొరుకుతుంది?

తరువాత 1876–78 నాటి కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని క్లౌ దొర కంట్రాక్టుగా తీసుకొని ఆకలితో వున్నవాళ్లకు కూలి ఇప్పించాడు. విశేషమేమంటే, ఆ కాలంలో పదిహేను నెలలపాటు బాప్తిస్మం ఎవరికీ ఇవ్వనన్నాడు. కూటికోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. ఆ గడువు తీరాక, 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ యేటిలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనుషులు ఆశించేది మెతుకులొక్కటే అనుకొనేవాళ్లు ఆ లెక్కను కొంచెం తీరుబడిగా చూడాలి.

ఆ పల్లెలవారి మునిమనుమలు, వారి పిల్లలు ఇవాళ టీచర్లు, నర్సులు, ఆఫీసర్లు. డాబాలు కట్టుకొన్నారు, బీరువాలు నిండాయి. వాళ్లకు పోయి నిరాడంబరత బోధించడం నాకైతే సబబుగా తోచదు. చెప్పులు కుట్టినవాడే ఆ చెప్పులు తొడుక్కొని పెద్దవీధిలో నడవరాని కాలం మన ఊళ్లలో వుండేది. అటువంటి ఇంట్లో ఒక మంచి చీరె, ఒక కుర్చీ, ఒక గొడుగు కూడా మర్యాదకు గుర్తులే. అవి వుండవలసినవే. తీసివేయవలసింది ఎదుటివాళ్ల కళ్లకోసం తెచ్చుకొన్న బరువు. అది అన్ని మతాలవాళ్ల ఇళ్లలోనూ వున్నది. పెళ్లి చూడండి. గుడిలో ప్రమాణం అరగంటలో అయిపోతుంది. దాని చుట్టూ కట్నం, వందల విస్తళ్లు, అప్పు తెచ్చిన బంగారం! సువార్త చదివే ఇంట్లో కూడా కట్నం దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూతపడుతుంది. ఇల్లు తేలిక చేసుకోదలచినవాళ్లు స్టీలు బిందెలకంటె ముందు ఇక్కడ మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

లూకా సువార్తలో ఒక ధనికుడి కథ వున్నది. పంట విరగబండితే పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టించి, ఏళ్ల తరబడి కూర్చుని తిందామనుకొన్నాడు. ఆ రాత్రే ప్రాణం పోయింది. ఈ కథ చెప్పి మన మిర్చి రైతును ఎద్దేవా చేసేవాళ్లున్నారు. అది అన్యాయం. ధర లేక గుంటూరు కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పెట్టుకొన్నవాడు అప్పు తీరే దారి చూసుకొంటున్నాడు, సుఖపడటానికి కాదు. కథలోని పెద్దమనిషి సంగతి వేరు. మొదటినుంచి చివరిదాకా ఆయన తనతో తానే మాట్లాడుకొంటాడు. నా పంట, నా కొట్లు, నా ధాన్యం! పొరుగువాడి మాట గాని, కోసిన కూలివాడి మాట గాని ఒక్కసారి కూడా నోట రాదు.

అదే సువార్తలో బాప్తిస్మమిచ్చే యోహాను, రెండు అంగీలున్నవాణ్ణి ఒకటి లేనివానికి ఇమ్మంటాడు. చిరిగినది ఇమ్మనలేదు సుమండీ. మనం దానమనే పేరుతో గుండీలు వూడిన చొక్కాలు, రంగు వెలిసిన చీరెలు పంచుతాము. అది ఇల్లు వూడ్చుకోవడమే. కొత్త చీరె వచ్చిననాడు, కట్టదగ్గ చీరె ఒకటి బయటికి పోవాలని నియమం పెట్టుకొని చూడండి. కొట్లోనే సగం చీరెలు వద్దనిపిస్తాయి.

ఆదివారం నియమాన్ని కూడా మనం కాస్త మార్చుకొని వాడుకోవచ్చు. ఆ ఒక్కరోజు ఏమీ కొనవద్దు. ఫోనులో నొక్కి తెప్పించుకోవద్దు. మీరొక్కరు మానినంతమాత్రాన మోటారుసైకిలు మీద ఎండలో మూటలు మోసే కుర్రవాడికి సెలవు రాదు, నిజమే. కాని ఆ నియమం పుట్టింది అటువంటి కుర్రవాళ్లకోసమేనని ఇంట్లో పిల్లలకు చెప్పడానికి వీలుంటుంది.

కోత పండుగనాడు చర్చి ఆవరణలో జరిగే వేలం మీరెప్పుడైనా చూశారా? గుమ్మడికాయలు, కోళ్లు, ధాన్యం, ఎండుమిరపకాయలు అందరూ తెచ్చి ముందు పెడతారు. వేలంలో బజారు ధరకు రెట్టింపు పెట్టి పాడినవాడు ఆ కాయను తిరిగి అక్కడే పెట్టి మళ్లీ వేలం వేయమంటాడు. కాయ ఇంటికి పోదు, డబ్బు బీదసాదల ఖర్చుకు పోతుంది. అందరి ముఖాల్లోనూ నవ్వే.

అంతకంటె నాకు నచ్చినది మాత్రం పిడికెడు బియ్యం. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఎంతోమంది ఆడవాళ్లు పాటించిన ఆచారం. వంటకు బియ్యం కొలిచి కడగబోయేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారంనాడు ఆ కుండ గుడికి పోతుంది. ఆ పిడికెడు ఎసట్లో పోయకముందే తీస్తారు. వండి, అందరూ తిని, మిగిలినది తీయరు. ఇంటిల్లిపాదికీ చాలీచాలని బియ్యం వున్ననాడు కూడా తీసినవాళ్లున్నారు. ఆ పూట ఇల్లాలి కంచంలో ఒక ముద్ద తగ్గివుంటుంది. ఆ సంగతి భర్తకు తెలిసివుండదు, గుడిలో బియ్యం కొలిచినవాళ్లకూ తెలిసివుండదు.